పినటూబో 1991: లావా రాని ఊళ్లలో జనం ఎలా చనిపోయారు?

అరసవల్లి

అగ్నిపర్వతం అంటే మనకు గుర్తొచ్చేది ఎర్రగా పారే లావాయే. కానీ 1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లో పినటూబో పేలినప్పుడు ఏ ఊరి మీదికీ లావా పారలేదు. అయినా వందల మంది పోయారు. ఎందుకు? కొండకి పది, ఇరవై, నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లకి ఏ ప్రమాదం ఎప్పుడు వస్తుంది?

మన తెలుగు పిల్లలు ఎంతోమంది ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదువుతున్నారు. వాళ్ల తల్లిదండ్రులు కూడా ఈ చర్చ చూస్తారు కాబట్టి పైపైన కాకుండా, కొలతలతో, ఏం చేయాలో ఏం చేయకూడదో చెప్పండి.

రాతిపొర

మంచి ప్రశ్న వేశారు అరసవల్లి గారూ. ముందు జరిగింది జరిగినట్టు చెప్తాను, మిగతావాళ్లు తమ తమ రంగాల సంగతులు అందుకుంటారు.

పినటూబో దాదాపు 500 ఏళ్లు నిద్రలో ఉంది. వాలు మీద అడవి, అందులో ‘ఏటా’ అనే తెగ గిరిజనుల ఊళ్లు. 1991 ఏప్రిల్ 2న ఉత్తరం వైపు ఆవిరి పేలుళ్లు మొదలయ్యాయి. ఫిలిప్పీన్స్ అగ్నిపర్వత సంస్థ ఫివోల్క్స్, అమెరికా భూగర్భ సర్వే నిపుణులు కలిసి భూకంప యంత్రాలు పెట్టారు. ఒకటి నుంచి ఐదు దాకా హెచ్చరిక స్థాయిలు పెట్టి, ఒక్కో స్థాయికి ఏం చేయాలో ముందే రాసి పంచారు.

సల్ఫర్ డయాక్సైడ్ లెక్క చూడండి. మే 13న రోజుకు 500 టన్నులు. మే 28కి 5,000 దాటింది. ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోయింది. తెలియనివాళ్లు ‘తగ్గింది, గండం గడిచింది’ అనుకుంటారు. నిపుణులు దాన్ని వేరేలా చదివారు: వాయువు బయటికి వచ్చే దారులు మూసుకుపోయాయి, లోపల ఒత్తిడి పెరుగుతోంది. జూన్ 5న మూడో స్థాయి, 7న నాలుగు, 9న ఐదు. 10న క్లార్క్ వైమానిక స్థావరం నుంచి 14,000 మందికి పైగా వెళ్లిపోయారు. ఖాళీ చేయాల్సిన వలయం 10 కిలోమీటర్ల నుంచి 20కి, 30కి, చివరికి 40కి పెరిగింది.

జూన్ 15 మధ్యాహ్నం అసలు పేలుడు. బూడిద స్తంభం దాదాపు 35 కిలోమీటర్ల ఎత్తు లేచింది. వాలు వెంట దిగిన పైరోక్లాస్టిక్ ప్రవాహాలు, అంటే వందల డిగ్రీల వేడి వాయువు, బూడిద, రాళ్లు కలిసి దూసుకొచ్చే మేఘాలు, 12 నుంచి 16 కిలోమీటర్ల దాకా వెళ్లాయి. వాటికి చిక్కితే తప్పించుకునే మార్గం లేదు. మాస్కు, గోడ, కారు ఏదీ పనికిరాదు. ముందే వెళ్లిపోవడం ఒక్కటే మందు. ఇక్కడ ఆ పని జరిగింది కాబట్టి కనీసం 5,000 ప్రాణాలు నిలిచాయని అమెరికా సర్వే అంచనా.

మరి పోయినవాళ్లు? పేలుడు రోజుల్లో మూడొందల పైచిలుకు, వాళ్లలో ఎక్కువమంది కప్పులు కూలి. మిగతావాళ్లు శిబిరాల్లో రోగాలతో, ఆ తర్వాత బురద వరదలతో. ఏ లెక్క తీసుకున్నా మొత్తం 700కి, 850కి మధ్య ఉంటుంది.

కప్పుదూలం

కప్పుల సంగతి నేను చెప్తాను. ఆ రోజే యున్యా తుపాను పినటూబో ఉన్న లూజాన్ ద్వీపం దాటింది. ఆకాశం నుంచి బూడిద, దాంతోపాటే వాన. పొడిగా ఉంటే నిలిచేవి చాలా కప్పులు తడి బరువుకి కూలాయి.

లెక్క ఇదీ. అప్పుడే పడిన పొడి బూడిద ఘనపు మీటరుకి 400 నుంచి 700 కిలోలు. తడిసి అణిగితే 1,000 దాటుతుంది, సన్నటి బూడిదైతే ఇంకా పైకి పోతుంది. 15 సెంటీమీటర్ల తడి బూడిద చదరపు మీటరుకి సుమారు 200 కిలోల బరువు. భవనాల మీద పడే బరువులకి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 875 ప్రమాణంలో మనుషులు ఎక్కని చదును కప్పుకి లెక్కగట్టే అదనపు బరువు చదరపు మీటరుకి దాదాపు 75 కిలోలు, ఎక్కే డాబాకి 150. ఏటవాలు రేకుల కప్పుకి ఇంకా తక్కువ. అంటే ఐదారు సెంటీమీటర్ల తడి బూడిదకే రేకుల కప్పు డిజైన్ హద్దు దాటిపోతుంది.

120 గజాల కప్పు మీద ఒక్క సెంటీమీటరు బూడిద పడితే అది ఒక ఘనపు మీటరు. తడిస్తే టన్నుకి పైనే. పదిహేను సెంటీమీటర్లంటే ఇరవై టన్నులు మన నెత్తి మీద.

ఏది ముందు కూలుతుంది? పెద్ద అడ్డం ఉన్న కప్పులు. చర్చి, గోడౌను, జిమ్, బడి హాలు. నడుమ స్తంభాలు ఉండవు, ట్రస్సుల (కప్పుని మోసే త్రికోణపు చట్రాల) మధ్య దూరం ఎక్కువ, పర్లిన్లు (వాటి మీద రేకులు బిగించే అడ్డ కమ్మీలు) సన్నం. పినటూబో తర్వాత చేసిన పరిశీలనల్లోనూ చిన్న ఇళ్ల కంటే ఇవే ఎక్కువ దెబ్బతిన్నాయి. అధికారులు జనాన్ని చేర్చేది కూడా సరిగ్గా ఇలాంటి హాళ్లలోకే, నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. బూడిద పడే పరిధిలో పునరావాస కేంద్రం పెట్టాలంటే ముందు స్లాబు ఉన్న భవనం వెతకాలి. అలాంటిది లేకపోతే చిన్న గదులున్న భవనం. వెడల్పాటి రేకుల షెడ్డు ఎంత శుభ్రంగా ఉన్నా వద్దు.

ఇంట్లోనే ఇరుక్కుంటే గది నడుమ కాకుండా లోపలి గోడల మూల, బాత్రూము, మెట్ల కింద ఉండండి. రేకుల కింద కర్ర కిర్రుమన్నా, తలుపు చట్రం బిగుసుకుని తలుపు పడకపోయినా అది కప్పు దిగుతున్న గుర్తు. వెంటనే గది మారండి.

అరసవల్లి

బూడిద పడుతుండగానే కప్పు ఎక్కి ఊడ్చేయాలా, ఆగాలా?

కప్పుదూలం

రాళ్లు పడుతుంటే, చీకటిగా ఉంటే, ఉరుములుంటే ఎక్కొద్దు. ఉద్ధృతి తగ్గిన ప్రతిసారీ, రెండు మూడు సెంటీమీటర్లు పేరగానే తీసేయాలి. పది సెంటీమీటర్లు తడిసి కూర్చున్నాక మీ ఒంటి బరువు కూడా దానికి తోడవుతుంది, అప్పుడు ఎక్కడం ప్రాణాంతకం.

పని వరుస: ముందు గట్టర్ల నుంచి కిందికి దిగే పైపు విప్పండి. లేకపోతే బూడిద డ్రైనులోకి దిగి గట్టిపడి, మళ్లీ కదలదు. దుమ్ము లేవకుండా పైపైన నీళ్లు చిలకరించండి, అంతే. పైపు పెట్టి కడిగితే బరువు పెరుగుతుంది, పైగా ఊరి ట్యాంకు ఖాళీ అవుతుంది. పర్లిన్లకి మేకులు కొట్టిన వరస మీద పలక వేసుకుని, దాని మీదే అడుగు పెట్టండి. రెండు వాలుల్నీ మార్చి మార్చి పలచగా తీయండి. ఒక వైపు పూర్తిగా ఖాళీ చేసి రెండో వైపు నిండుగా వదిలితే ట్రస్సు పక్కకి ఒరుగుతుంది. నిచ్చెన పట్టుకోవడానికి కింద ఒక మనిషి ఉండాలి, కానీ బూడిద తోసే వైపు మాత్రం నిలబడకూడదు. తడి బూడిద మీద కాలు జారుతుంది. విస్ఫోటం తర్వాత శుభ్రం చేస్తూ కప్పు మీంచి పడి చనిపోయేవాళ్లు ప్రతిచోటా కనిపిస్తారు.

సిమెంటు రేకులైతే అసలు ఎక్కొద్దు. పొడుగు కర్రకి అడ్డపలక కొట్టి కింది నుంచే లాగండి.

గాలిమర

ముక్కుకి తడిగుడ్డ కట్టుకుంటే సరిపోతుంది కదా? ప్రతి సలహా పత్రంలోనూ అదే రాస్తారు.

టీకా_పెట్టె

సరిపోదండీ. అగ్నిపర్వత ఆరోగ్య నిపుణులు ప్రయోగశాలలో పరీక్షించి చూశారు. గుడ్డ, తువ్వాలు, చేతిరుమాలు సన్న బూడిదని చాలా తక్కువగా ఆపాయి. తడిపినందువల్ల చెప్పుకోదగ్గ లాభం లేదు. పైగా తడిగుడ్డతో ఊపిరి తీసుకోవడం కష్టం. ఎన్95 లేదా దానికి సమానమైనది, ముఖానికి అంచులన్నీ అతుక్కునేలా పెట్టుకోవాలి. గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి వస్తుంది. సర్జికల్ మాస్కు గుడ్డ కంటే నయం, దాని అంచుల మీదుగా గుడ్డ బిగించి కడితే ఇంకొంచెం నయం. ఏమీ దొరకనప్పుడు గుడ్డయినా కట్టుకోండి, కానీ దాన్ని నమ్ముకుని బయట పనికి వెళ్లకండి.

ఊపిరితిత్తుల లోపలికి వెళ్లేది నాలుగు మైక్రాన్ల కంటే చిన్న రేణువు. బూడిద అంటే కట్టె కాలిన బూడిద కాదు, పొడి అయిన రాయి, గాజు. ఆస్తమా ఉన్నవాళ్లకి మొదటి గంటల్లోనే ఆయాసం మొదలవుతుంది, ఇన్‌హేలర్ జేబులో ఉండాలి. కాంటాక్ట్ లెన్సులు వెంటనే తీసేయాలి. లెన్సు కింద గీసుకుంటే కనుగుడ్డు మీద పుండు పడుతుంది. కన్ను నలపకుండా శుభ్రమైన నీళ్లతో కడగాలి.

2020 జనవరి 12న మనీలాకి దక్షిణాన ఉన్న తాల్ పేలినప్పుడు బూడిద రాజధాని దాకా వచ్చింది, విమానాశ్రయం మూతపడింది, అంగళ్లలో ఎన్95లు చూస్తుండగానే అయిపోయాయి. అవసరం పడ్డ రోజున దొరకవు. ముందే కొని పెట్టుకోవాలి.

నల్లగొండ_నీళ్లు

నీళ్ల గురించి. ఎక్కువ చోట్ల ముందు దెబ్బతినేది రంగు, మడ్డి. మడ్డి ఉన్న నీళ్లలో క్లోరిన్ వేసినా సరిగా పని చేయదు, మందంతా మట్టి తినేస్తుంది. కాబట్టి క్రమం ఇది: మూతపెట్టిన పాత్రలో ఒక పూట కదపకుండా తేర్చండి, పటిక ఉంటే వాడండి, పైతేట మెల్లగా వంచి నాలుగు మడతల గుడ్డలో వడగట్టండి, ఆ తర్వాతే క్లోరిన్ బిళ్ల లేదా మరిగించడం. ముందు క్లోరిన్ వేసి తర్వాత వడగడితే లాభం లేదు.

కప్పు మీది వాన నీళ్లు ట్యాంకులోకి వచ్చే గొట్టాన్ని బూడిద పడకముందే విడదీయాలి. కొత్త బూడిద రేణువుల మీద ఆమ్లం, లవణాలు అంటుకుని ఉంటాయి. జింకు పూత రేకుల మీంచి పారితే లోహాన్ని కూడా కరిగించుకుని వస్తాయి.

ఇంకొక సంగతి, మన నల్లగొండ వాళ్లకి వెంటనే అర్థమయ్యేది. కొన్ని కొండల బూడిదలో ఫ్లోరైడ్ ఉంటుంది. ఐస్‌లాండ్ కొండలు ఇందుకు పేరుపడ్డాయి. 1783లో అక్కడి లాకి అనే అగ్నిపర్వత పగులు ఎనిమిది నెలలు మండింది. గొర్రెల్లో దాదాపు 80 శాతం, పశువుల్లో సగం చచ్చాయి. గడ్డి మీద ఫ్లోరిన్, పళ్లు పెరిగి ఎముకలు ఉబ్బి మేత నమలలేక. ఆ వెనుక వచ్చిన కరువులో దేశ జనాభాలో ఐదో వంతుకి పైగా పోయారు. మన దగ్గర బోరు నీళ్లు ఏళ్ల తరబడి చేసిన పనిని అక్కడ బూడిద నెలల్లో చేసింది. తాగే నీళ్లలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు హద్దు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. అనుమానం ఉంటే పరీక్ష అయ్యేదాకా మూసి ఉన్న లోతైన బోరు నీళ్లు, సీసా నీళ్లే వాడాలి.

బూడిద పడ్డ మర్నాడు ఊరంతా ఒకేసారి పైపులు పట్టుకుని కడగడం మొదలుపెడుతుంది. అటు కరెంటు లేక పంపులు ఆగి ఉంటాయి. ఆ రోజే ట్యాంకు అడుగంటేది.

కరెంటుతీగ

కరెంటు ఎందుకు పోతుందో ఒక ముక్క. పొడి బూడిద కరెంటుని పెద్దగా పట్టించుకోదు. తడిస్తే దాని మీది లవణాలు కరిగి ఇన్సులేటర్ పైన దారి ఏర్పడుతుంది, తీగ నుంచి స్తంభానికి మెరుపు కొడుతుంది. మూడు మిల్లీమీటర్ల సన్నటి తడి బూడిద చాలు. అందుకే చిరుజల్లు, మంచు పెద్ద వానకంటే ప్రమాదం, పెద్ద వాన కడిగేస్తుంది. జనరేటర్ ఉంటే గాలి ఫిల్టరు గంట గంటకీ చూడండి, దులపండి. రెండు మూడు విడి ఫిల్టర్లు దగ్గర పెట్టుకోండి. ఏసీ, కూలరు ఆపేయండి. ల్యాప్‌టాప్‌ని పాలిథిన్ సంచిలో పెట్టి మూతి కట్టేయండి.

ఏటిగట్టు

అందరూ జూన్ 15 గురించే మాట్లాడుతున్నారు. పినటూబో చుట్టూ ఉన్న జనానికి అసలు గోస ఆ తర్వాత మొదలైంది. అక్కడ దాన్ని లహార్ అంటారు. నీళ్లు, బూడిద, రాళ్లు కలిసి తడి కాంక్రీటులా దిగే బురద వరద.

కొండ వాలు మీద ఘనపు కిలోమీటర్ల కొద్దీ వదులు బూడిద మిగిలింది. అడవి లేదు, వేళ్లు లేవు, నీరు ఇంకదు. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు. సకోబియా, పాసిగ్-పొట్రెరో, ఓడానెల్, శాంటో టోమాస్, బుకావ్, ఏ వైపు చూసినా ఏదో ఒక నది. ప్రతి వానాకాలం ఇవన్నీ కొండని ఊళ్లలోకి మోశాయి. లోపలి బూడిద ఏళ్లకొద్దీ వేడిగానే ఉంది కాబట్టి మొదటి కాలంలో కొన్ని లహార్లు పొగలు కక్కుతూ, చేయి పెట్టలేనంత వేడిగా వచ్చాయి.

ఇక్కడ జనం పొరబడే చోట్లు మూడు.

మొదటిది, ‘మా ఊళ్లో వాన లేదు కదా’ అనుకోవడం. వాన పడాల్సింది కొండ మీద. మీ నెత్తిన ఎండ కాస్తుండగానే రావచ్చు.

రెండోది, ‘పోయినసారి గట్టు దాటలేదు’ అనుకోవడం. లహార్ పోతూ పోతూ నది అడుగుని నింపుకుంటూ పోతుంది. ఒక్క వరదలో మీటర్ల కొద్దీ మేట. వచ్చేసారి అదే వరద అంత పైనుంచి పారుతుంది, లేదా దారి మార్చి పక్క ఊరి మీద పడుతుంది. 1995 అక్టోబరు 1న పినటూబో పక్కనున్న పంపాంగా ప్రాంతంలోని బకొలోర్ పట్నానికి జరిగింది ఇదే. పేలుడు అయ్యి నాలుగేళ్లు దాటాక. అందులోని కబలాంటియన్ పేట వీధులు కప్పుల దాకా మునిగాయి. బకొలోర్‌లోని శాన్ గియెర్మో చర్చి ఆరు మీటర్ల మేర పూడిపోయింది. ఇప్పటికీ జనం పాత కిటికీలనే గుమ్మాలుగా వాడుతూ లోపలికి వెళ్తారు. పూడిన నేలని తవ్వి తీయడం కుదరక, బలిపీఠాన్ని పైకి ఎత్తి పెట్టుకున్నారు.

మూడోది, ‘ఒక అల పోయింది, ఇక దాటేద్దాం’ అనుకోవడం. లహార్ విడతలు విడతలుగా వస్తుంది. మొదటి అల తర్వాత పది నిమిషాల మౌనం ఉంటుంది, వంతెన మీద జనం గుమిగూడతారు, అప్పుడు పెద్దది వస్తుంది.

హెచ్చరిక పద్ధతి: పై వాలు మీద వాన కొలిచే రేడియో యంత్రాలు, ఒడ్డున నేల కంపనాన్ని పట్టే జియోఫోన్లు, వాటికి తోడు కాపలా గుట్టల మీద రాత్రింబవళ్లు మనుషులు. యంత్రం బ్యాటరీ చచ్చినా మనిషి చూస్తాడు, చీకట్లో మనిషికి కనపడకపోయినా యంత్రం వింటుంది. ఒక్కదాన్నే నమ్ముకుంటే లాభం లేదు.

వినిపించాక ఏం చేయాలి? నది వెంట కిందికి పరిగెత్తకండి, మీకంటే అదే వేగం. నదికి అడ్డంగా, గట్టు నుంచి దూరంగా, ఎత్తుకి ఎక్కండి. మోకాలి లోతు బురద చాలు మనిషిని పడేయడానికి, లేవనివ్వదు. వంతెన దాటే ముందు పైకి చూడండి, గుడగుడ శబ్దం ఉంటే దాటకండి. ఇల్లు ఎత్తు మీద ఉందా అన్నది రోడ్డు మీంచి చూసి తేల్చకండి, నది అడుగు నుంచి కొలవండి. ఏటేటా మళ్లీ కొలవండి, ఎందుకంటే అడుగు పైకి వస్తుంటుంది.

రాతిపొర

ఏటిగట్టు గారు చెప్పినదానికి కొలంబియా సంగతి కలుపుతాను. 1985 నవంబరు 13 రాత్రి నెవాడో దెల్ రూయిజ్ చిన్నగానే పేలింది. కొండ మీది మంచులో పదో వంతు మాత్రమే కరిగింది. ఆ నీరు లోయల్లో బురద కలుపుకుంటూ నది వెంట 70 కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి ఆర్మేరో పట్నాన్ని ముంచింది. పేలుడుకీ, బురద ఊరు చేరడానికీ మధ్య రెండు గంటలకి పైగా సమయం ఉంది. ఊరి పక్కన గుట్టలున్నాయి, నడిచి ఎక్కగల దూరం. ప్రమాద పటం నెల ముందే తయారైంది. కానీ ఆ సాయంత్రం బూడిద రాలుతుంటే రేడియోలో వినిపించింది ‘కంగారు పడొద్దు, ఇళ్లలో ఉండండి’ అనే. మొత్తం 23,000 మంది పోయారు. కబురు అందించగలిగి ఉంటే నిలిచేవి ఆ ప్రాణాలు. ఇది తలచుకున్నప్పుడల్లా కోపం, దుఃఖం రెండూ వస్తాయి.

పినటూబోలో ఆ తప్పు పునరావృతం కాకపోవడానికి ఒక కారణం వీడియో. ఫ్రాన్స్‌కి చెందిన మోరిస్, కాటియా క్రాఫ్ట్ దంపతులు పైరోక్లాస్టిక్ ప్రవాహాలు, బురద వరదలు ఎలా ఉంటాయో తీసిన దృశ్యాల్ని అధికారులకి, ఊళ్లవాళ్లకి చూపించారు. నమ్మనివాళ్లు చాలామంది అది చూశాకే కదిలారు. ఆ దంపతులు అదే జూన్ 3న జపాన్‌లో ఉన్‌జెన్ కొండ దగ్గర అలాంటి ప్రవాహంలోనే చనిపోయారు. ఆ రోజు అక్కడ మొత్తం 43 మంది.

టీకా_పెట్టె

శిబిరాల గురించి ఎవరూ రాయలేదు, అందుకే మళ్లీ వచ్చాను. పినటూబోలో కొండ చేతికి చిక్కకుండా బతికి బయటపడ్డ ఏటా తెగ పిల్లలు గుడారాల్లో చనిపోయారు. తట్టు, విరేచనాలు, న్యుమోనియా. మైదానంలోని వాళ్ల కంటే ఏటాల్లో మరణాలు చాలా ఎక్కువ. కొండ మీద దూరదూరంగా ఉన్న ఇళ్లకి టీకాలు సరిగా అందలేదు. ఒక్కసారిగా వేల మందిని పక్కపక్కనే పెడితే తట్టుకి అంతకంటే ఏం కావాలి?

కాబట్టి ఖాళీ చేయించే ప్రణాళికలో బస్సుల పక్కనే ఇవి కూడా ఉండాలి. శిబిరం తెరిచిన మొదటి రోజుల్లోనే ఆరు నెలల నుంచి పదిహేనేళ్ల దాకా పిల్లలందరికీ తట్టు టీకా, ఎవరికైనా తట్టు వచ్చేదాకా ఆగకుండా. లక్ష్యం 95 శాతం. తట్టు వచ్చిన బిడ్డకి విటమిన్ ఎ: ఏడాది దాటితే 2,00,000 యూనిట్లు, ఆరు నెలల నుంచి ఏడాది లోపు 1,00,000, ఆరు నెలల లోపు 50,000, వరసగా రెండు రోజులు. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు. ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి, ఆడవాళ్లకి వేరుగా, లోపల గడియతో. మనిషికి 3.5 చదరపు మీటర్ల కప్పు కింది చోటు. ఓఆర్ఎస్ పొట్లాలు కలిపే చోట శుభ్రమైన నీళ్లు లేకపోతే పొట్లం ఉన్నా లేనట్టే.

ఇంకొకటి, ఇది అంకెల్లో పట్టదు. ఏటాలకి మైదానపు డాక్టర్ల మీద నమ్మకం తక్కువ, భాష వేరు, తిండి వేరు. వాళ్లలోంచే ఇద్దరు ముగ్గురు ఆరోగ్య కార్యకర్తలు ఉన్న గుడారాల్లో పని జరుగుతుంది, లేనిచోట మందు పెట్టె తెరుచుకోదు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో పనిచేసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు.

పాడి_పంట

జనం శిబిరంలోంచి మళ్లీ కొండకి ఎందుకు వెళ్తారో చెప్పాలి. పశువుల కోసం. 2010లో ఇండోనేసియాలోని జావాలో మెరాపి కొండ అక్టోబరు 26న పేలింది, ఖాళీ చేయాల్సిన వలయం 10 నుంచి 15కి, నవంబరు 5 నాటికి 20 కిలోమీటర్లకి పెంచారు. మొత్తం 350 మందికి పైగా పోయారు. పాడి రైతులు పొద్దున్నే వెళ్లి ఆవులకి మేత వేసి, పాలు పిండి, సాయంత్రానికి శిబిరానికి తిరిగి వచ్చేవాళ్లు. వాళ్లని పట్టుదల అని నిందించి లాభం లేదు, ఆ ఆవే వాళ్ల బ్యాంకు ఖాతా. అందుకే ప్రభుత్వం చివరికి పశువుల్ని కొంటామని ప్రకటించాల్సి వచ్చింది. ఆ మాట మొదటి రోజే చెప్పాలి. మనుషుల బస్సుతోపాటే పశువుల లారీ, శిబిరం పక్కనే కొట్టం, పాడి ఆవుకి రోజుకు 60 లీటర్ల దాకా నీళ్లు, ఎండుగడ్డి టార్పాలిన్ కింద. అప్పుడు ఎవరూ వెనక్కి వెళ్లరు.

బూడిద పడ్డ మేత తప్పనిసరైతే దులిపి, కడిగి వేయండి. ఇసుక తిన్నట్టే పళ్లు అరుగుతాయి, కడుపు బిగుస్తుంది.

పొలం సంగతి: ఒకటి రెండు సెంటీమీటర్ల బూడిదని దున్ని కలిపేయొచ్చు. పది దాటితే పైరు ఊపిరాడక పోతుంది, దాన్ని గీకి తీయాలి. మీటరు లహార్ మేట పడ్డ పొలాన్ని ఆ తరం రైతు మళ్లీ పాత పొలంగా చూడలేడు.

గాలిమర

విషవాయువుల మాటేమిటి?

రాతిపొర

పినటూబో చుట్టూ జనానికి అది ముఖ్య సమస్య కాలేదు. వేరే చోట్ల అయింది. 1986 ఆగస్టు 21 రాత్రి కామెరూన్‌లో న్యోస్ సరస్సు అడుగున పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా పొంగి, లోయల్లోకి దిగి దాదాపు 1,700 మందిని నిద్రలోనే చంపింది. అది గాలికంటే బరువు, గుంటల్లో నిలుస్తుంది. కాంగోలో గోమా పట్నం చుట్టూ నేల పగుళ్లలోంచి వస్తూనే ఉంటుంది. అక్కడ పొడుగు మనిషి నిలబడి ఉన్న గుంటలోనే పిల్లవాడు, మేక చచ్చిపోవచ్చు. అందుకే చచ్చిన పక్షులు, ఎలుకలు కనిపించిన పల్లంలోకి దిగకూడదు, పడిపోయినవాణ్ణి తీయడానికి ఒక్కరే వెళ్లకూడదు. మామూలు మాస్కులు దీనికి ఏమాత్రం పనికిరావు.

లావా జనాన్ని వేగంగా తరిమిన అరుదైన చోటు కూడా గోమాయే. 2002 జనవరిలో పక్కనున్న న్యిరాగోంగో కొండ లావా పట్నం నడిబొడ్డు గుండా పారింది, 2021 మే 22న మళ్లీ అంచుల దాకా వచ్చింది.

మనకి దగ్గర ముచ్చట ఒకటి. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, జుర్రేరు లోయలో తెల్లటి బూడిద పొర ఉంది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో తోబా పేలినప్పుడు గాలిలో వచ్చింది. చుట్టుపక్కల వాలుల నుంచి కొట్టుకొచ్చి కొన్నిచోట్ల మీటర్ల మందాన పేరుకుంది. ఆ పొర కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. అక్కడి మనుషులు ఆ బూడిదని తట్టుకుని కొనసాగారా లేదా అన్నది పరిశోధకులు ఇంకా వాదించుకుంటున్న విషయం.

అరసవల్లి

అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒక్కటి. పినటూబో దగ్గరి అంజెలెస్ పట్నంలోనో, తాల్ దగ్గరి ఊళ్లలోనో హాస్టల్‌లో ఉండే విద్యార్థి గదిలో ఏం ఉండాలి? ఎప్పుడు కదలాలి?

కప్పుదూలం

కదిలే విషయం రాతిపొర గారు చెప్పాలి. గది వరకు: ఎన్95లు మనిషికి పది, అంచులు మూసుకుపోయే కళ్లజోడు ఒకటి, టార్చి, విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు, మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజుల తాగునీళ్లు, వండక్కర్లేని తిండి, రోజూ వేసుకునే మందులు పదిహేను రోజులకి, తలుపు కింద పెట్టడానికి పాత తువ్వాళ్లు, ప్యాకింగ్ టేపు. పాస్‌పోర్టు, వీసా కాగితాలు, కొంత నగదు ఒకే ప్లాస్టిక్ సంచిలో. బూడిద పడ్డ ఊళ్లో కరెంటు లేక ఏటీఎంలు పనిచేయవు. హాస్టల్ పై అంతస్తు రేకులదైతే, బూడిద మొదలవగానే కింది స్లాబు ఉన్న అంతస్తుకి దిగాలి.

రాతిపొర

ఫివోల్క్స్ స్థాయి 2కి పెరిగితే బ్యాగు సర్దుకోండి, ప్రమాద పటంలో మీ వీధి ఎక్కడుందో చూసుకోండి. 3కి వస్తే, చదువు పోతుందని ఆగకుండా, వలయం బయట ఉన్న స్నేహితుల ఇంటికి వెళ్లండి. 4 దాకా ఆగితే రోడ్లన్నీ నిండిపోతాయి. బూడిద పడుతుండగా బయల్దేరాల్సి వస్తే నడపడం కంటే ఆగడమే మేలు, దారి కనపడదు, టైర్లు జారతాయి, వైపర్ వేస్తే అద్దం గీసుకుపోతుంది. పైరోక్లాస్టిక్ వలయంలో ఉంటే మాత్రం ఈ మాట వర్తించదు, ఎలాగైనా బయటపడాలి. తాల్‌కి 2020లో ఆ వలయం 14 కిలోమీటర్లు పెట్టారు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. తాల్ నీళ్ల నడుమ కొండ, కాబట్టి చిన్న స్థాయిలో కూడా ఆవిరి పేలుళ్లు హఠాత్తుగా వస్తాయి. స్థాయి ఒకటిలో ఉన్నా ఆ దీవి మీదికి సరదాకి వెళ్లొద్దు.

ఏటిగట్టు

అద్దె ఇల్లు చూసేటప్పుడే పక్కన ఏ వాగు ఉందో, అది కొండ మీంచి వస్తుందో లేదో అడగండి. వస్తే ఒడ్డు నుంచి దూరంగా తీసుకోండి. రాత్రి నడిచి వెళ్లగల ఎత్తు ఎటు వైపో పగలే ఒకసారి నడిచి చూసుకోండి, ఎన్ని నిమిషాలు పట్టిందో ఫోన్‌లో రాసిపెట్టుకోండి.